చిన్న వ్యాపారంలో కొత్త పద్ధతిని చేతులు కాలకుండా ప్రయత్నించడం ఎలా?

పక్కవాళ్లు ఏం అమ్మితే మనమూ అదే అమ్ముతాం. వాళ్లు ధర తగ్గిస్తే మనమూ తగ్గిస్తాం. అభివృద్ధి చెందుతున్న దేశాల్లో చిన్న వర్తకులు చాలామంది ఏళ్ల తరబడి ఈ రెండు పనుల మధ్యే తిరుగుతుంటారు. వాళ్ల కష్టానికి వంక పెట్టలేం. తెల్లవారక ముందే సరుకుకు బయల్దేరి, రాత్రి తలుపులు మూసేదాకా కాళ్ల మీద నిలబడే మనుషులు వాళ్లు. అయినా పదేళ్ల కిందట వ్యాపారం ఎంతో ఇప్పుడూ అంతే. కొత్తగా ఏదో చేయాలని మనసులో ఉంటుంది. అది బెడిసికొడితే ఆ నెల ఇల్లు గడవదన్న భయం ఆపేస్తుంది. ఆ భయంలో న్యాయం ఉంది. అందుకే "ధైర్యం చేయండి" అని చెప్పి చేతులు దులుపుకోవడం నాకు ఇష్టం లేదు. నష్టానికి ముందే హద్దు గీసుకుని కొత్తదాన్ని ప్రయత్నించే పద్ధతి ఒకటుంది. దాన్ని ఒక్కొక్క అడుగుగా చెబుతాను.

దానికంటే ముందు టోగో సంగతి చెప్పాలి. పశ్చిమ ఆఫ్రికాలోని ఈ చిన్న దేశంలో, రాజధాని లోమేలో, 1,500 మంది చిన్న వ్యాపారులను తీసుకుని మూడు సమాన బృందాలుగా చేశారు. ఒక బృందానికి ఏమీ నేర్పలేదు. రెండో బృందానికి మామూలు వ్యాపార శిక్షణ ఇచ్చారు. లెక్కలు, మార్కెటింగ్ లాంటివి. మూడో బృందానికి చొరవ నేర్పారు. ఎవరో చెప్పేదాకా ఆగకుండా తామే కదలడం, పక్కవాళ్లకు భిన్నంగా ఏం చేయొచ్చో వెతకడం, అడ్డంకి వస్తే వదిలేయకుండా మరో దారి చూడడం. తర్వాత రెండేళ్లకు పైగా వాళ్ల వ్యాపారాలను గమనించారు. ఏ శిక్షణా లేనివాళ్లతో పోలిస్తే చొరవ నేర్చినవాళ్ల లాభం 30 శాతం పెరిగింది. మామూలు శిక్షణ పొందినవాళ్లలో కనిపించిన పెరుగుదల 11 శాతమే. అది కూడా శిక్షణ వల్లే వచ్చిందని గట్టిగా చెప్పలేనంత చిన్న తేడా. ఈ ఫలితాలు 2017లో 'సైన్స్' పత్రికలో వచ్చాయి.

చొరవ నేర్చిన ఆ వ్యాపారులు ఎక్కువగా చేసినది తమ దుకాణంలోకి కొత్త సరుకో, కొత్త సేవో తీసుకురావడం. అది ప్రపంచానికి కొత్తది కానక్కర్లేదు. మీ గిరాకీకి కొత్తదైతే చాలు.

మొదటి అడుగు: రెండు వారాలు ఏమీ మార్చకండి, రాయండి

కొత్త ఆలోచన వచ్చిన రోజే మొదలుపెట్టాలని చేతులు దురదపెడతాయి. ఆగండి. ఇప్పుడు ఎలా నడుస్తోందో తెలియకుండా మార్పు చేస్తే, తర్వాత అమ్మకాలు పెరిగినా అది మార్పు వల్లనో, పండగ రోజుల వల్లనో చెప్పలేరు.

గల్లాపెట్టె పక్కనే ఒక నోటుపుస్తకం పెట్టండి. పేజీని మూడు భాగాలు చేయండి. అమ్మింది, చేజారింది, పాడైంది. మొదటి దాంట్లో రోజు అమ్మకం మొత్తం రాస్తే సరిపోతుంది. మూడో దాంట్లో పగిలినవి, గడువు దాటినవి, చెడిపోయినవి. అసలు బంగారం మధ్య గడిలో ఉంటుంది. "చిన్న సైజు అడిగారు, లేదు." "పెద్ద నోటు ఇచ్చారు, చిల్లర లేక ఇద్దరు వెళ్లిపోయారు." "మనం తెరవక ముందే ఒకాయన వచ్చి చూసి వెళ్లాడట." ఇలా ఒక్కో వాక్యం, జరిగిన వెంటనే. సాయంత్రం గుర్తు చేసుకుని రాద్దామనుకుంటే సగం మర్చిపోతారు. అమ్మిన సరుకు జ్ఞాపకం ఉంటుంది కానీ, అమ్మలేకపోయింది గుర్తుండదు.

చదువు రాని వాళ్లు గీతలు గీసినా, గింజలు మూడు డబ్బాల్లో వేసినా పని జరుగుతుంది. లెక్క ఉండాలి, అంతే.

దీంతో పాటే ఇంటి డబ్బును, వ్యాపారం డబ్బును వేరు చేయండి. రెండు సంచులు, రెండు డబ్బాలు, రెండు ఖాతాలు, ఏదైనా సరే. వారానికి ఇంత అని మీకు మీరే జీతం నిర్ణయించుకుని, దాన్నే ఇంటికి తీసుకెళ్లండి. ఇది చాదస్తంగా అనిపించొచ్చు. డొమినికన్ రిపబ్లిక్‌లో చిన్న వ్యాపారుల్లో కొందరికి పద్ధతిగా అకౌంటింగ్ నేర్పి, మరికొందరికి ఇలాంటి బండ గుర్తులు మాత్రం నేర్పి చూశారు. అకౌంటింగ్ పాఠాలు పెద్దగా ఆచరణలోకి రాలేదు. బండ గుర్తులు నేర్చినవాళ్లే లెక్కలు మెరుగ్గా చూసుకోగలిగారు. ఘానాలో మరో సంగతి తేలింది. చిన్న వ్యాపారం నడిపే మహిళలకు పెట్టుబడి సాయం నగదుగా ఇస్తే లాభం పెరగలేదు. అదే సాయం సరుకు, పనిముట్ల రూపంలో ఇచ్చినప్పుడు, కాస్త పెద్ద వ్యాపారాలున్న వాళ్లకు పెరిగింది. చేతిలో నగదు ఉంటే ఇంటి అవసరం ఏదో ఒకటి తలుపు తడుతుంది. అది ఎవరి తప్పూ కాదు. అందుకే గోడ ముందే కట్టుకోవాలి.

రెండో అడుగు: కొత్త లాభం కంటే ముందు పాత చిల్లు వెతకండి

రెండు వారాల తర్వాత ఆ పుస్తకం ముందు పెట్టుకుని తీరిగ్గా కూర్చోండి. చేజారినవాటిలో ఏది మళ్లీ మళ్లీ వచ్చింది?

ఈ ప్రశ్న ఎంత విలువైనదో కెన్యాలో చిల్లర డబ్బుల మీద జరిగిన పరిశీలన చూస్తే తెలుస్తుంది. అక్కడి చిన్న దుకాణాలు కేవలం చిల్లర లేక బేరాలు వదులుకోవడం వల్ల తమ లాభంలో సుమారు 5 నుంచి 8 శాతం పోగొట్టుకుంటున్నాయని తేలింది. చిల్లర లేనప్పుడు ఏం జరుగుతుందో తలుచుకోండి. కొనేవాళ్లు సరుకు చేతిలో పట్టుకునే ఉంటారు. మీరు పక్క దుకాణానికి పరుగెత్తుతారు. అక్కడా లేదంటారు. తిరిగొచ్చేసరికి ఆ మనిషి సరుకు బల్ల మీద పెట్టి వెళ్లిపోయి ఉంటాడు. దీనికి పరిష్కారం కోసం పెట్టుబడి అక్కర్లేదు, ముందురోజు కాస్త చిల్లర తెచ్చిపెట్టుకుంటే చాలు. ఏళ్లుగా వ్యాపారం చేస్తున్నవాళ్లే ఇది చేయలేదు. పరిశోధకులు వారం వారం వెళ్లి "చిల్లర లేక ఎన్ని అమ్మకాలు పోయాయి?" అని అడగడం మొదలుపెట్టారు. కొందరిలో ఆ ప్రశ్న ఒక్కటే మార్పు తెచ్చింది. వాళ్లు చిల్లర తెచ్చిపెట్టుకోవడం మొదలుపెట్టారు, పోయే బేరాలు తగ్గాయి.

మీ చిల్లు చిల్లరే కానక్కర్లేదు. తరచూ అయిపోయే ఒకటి రెండు వస్తువులు కావచ్చు, రాబట్టలేని అరువు కావచ్చు, అల్మారా పై వరసలో దుమ్ము పట్టి కూర్చున్న సరుకు కావచ్చు. దాన్ని పూడ్చడమే మీ మొదటి కొత్త పద్ధతి అవుతుంది. ఖర్చు దాదాపు ఉండదు, భయం అసలే ఉండదు.

మూడో అడుగు: ఆలోచన కోసం సరైన మనిషిని, సరైన ప్రశ్న అడగండి

వ్యాపారంలో ముందున్న వాళ్లను కలిసినప్పుడు చాలామంది "పైకి ఎలా వచ్చారు?" అని అడుగుతారు. దానికి వచ్చేది ఉపన్యాసమే. అడగాల్సినవి వేరే ఉన్నాయి. ఈ సరుకు ఎవరి దగ్గర తెస్తారు? వారంలో ఏ రోజు వెళ్తే ధర దిగుతుంది? ఎంత తీసుకుంటే రవాణా కలిసొస్తుంది? వాళ్లు ఎన్ని రోజులు అరువు ఇస్తారు?

నైరోబీలోని దండోరా బస్తీలో దీన్నే పరీక్షించారు. వ్యాపారంలోకి కొత్తగా వచ్చిన మహిళల్లో కొందరికి తరగతి గదిలో శిక్షణ ఇచ్చారు. మరికొందరిని అదే బస్తీలో అనుభవం ఉన్న మహిళా వ్యాపారులతో జతకట్టారు. తరగతులకు వెళ్లినవాళ్లు పద్ధతులు నేర్చుకున్నారు కానీ లాభం పెరగలేదు. అనుభవజ్ఞుల తోడు దొరికినవాళ్ల లాభం సగటున 20 శాతం పెరిగింది. అందులో ఎక్కువ భాగం చవకగా సరుకు ఇచ్చే టోకు వ్యాపారులు ఎవరో తెలియడం వల్ల వచ్చింది. ఆ జంటలు కలవడం మానేశాక లాభమూ కరిగిపోయింది. నాకు దీనిలో ముఖ్యంగా కనిపించేది ఈ రెండో సంగతే. టోకు ధరలు మారుతుంటాయి, ఇచ్చేవాళ్లు మారుతుంటారు. నిరుడు తెలిసిన సమాచారం ఈ ఏడు పనికిరాదు. ఒకసారి అడిగి వదిలేయకండి, ఆ పరిచయాన్ని నిలుపుకోండి. బదులుగా మీకు తెలిసిందీ చెప్పండి.

నేరుగా పోటీలో ఉన్నవాళ్లు మనసు విప్పి చెప్పకపోవచ్చు. నాలుగు వీధుల అవతల అదే సరుకు అమ్మేవాళ్లను అడగండి. లేదా మీ గిరాకీనే కలిగి, వేరే సరుకు అమ్మేవాళ్లను అడగండి. మీకు సరుకు తెచ్చి వేసే మనిషి రోజుకు పాతిక దుకాణాలు చూస్తాడు. ఎక్కడ ఏది కదులుతోందో అతనికి తెలిసినంత ఎవరికీ తెలియదు. అతన్ని కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చి అడగండి.

ఫోను కూడా ఇక్కడే ఉపయోగపడుతుంది. 1997 నుంచి 2001 మధ్య కేరళ తీరానికి మొబైల్ సేవలు వచ్చాక, మత్స్యకారులు ఒడ్డుకు చేరకముందే ఏ రేవులో ధర ఉందో కనుక్కోవడం మొదలుపెట్టారు. అంతకుముందు ఒక రేవులో కొనేవాళ్లు లేక చేపలు పారబోస్తుంటే, దగ్గర్లోని మరో రేవులో అవే దొరికేవి కావు. ఫోన్లు వచ్చాక ఆ వృథా దాదాపు ఆగిపోయింది. వాళ్ల లాభం సగటున 8 శాతం పెరిగింది, కొనేవాళ్లకు ధర 4 శాతం తగ్గింది. వాడింది మామూలు మాట్లాడుకునే ఫోనే. సరుకు కోసం బయల్దేరే ముందు ఇద్దరు ముగ్గురికి ఫోన్ చేసి ధర అడగడం మీకు అలవాటు కాకపోతే, యాప్‌ల జోలికి వెళ్లకముందు దీన్ని మొదలుపెట్టండి.

నాలుగో అడుగు: కాగితం మీద మూడు విషయాలు రాయకుండా ప్రయత్నం మొదలుపెట్టకండి

ఎంత పోయినా తట్టుకోగలను? ఏ తేదీన తేల్చుకుంటాను? ఏ అంకె వస్తే కొనసాగిస్తాను? ఈ మూడింటికి జవాబు మొదలుపెట్టక ముందే రాసి, తేదీ వేయండి. మధ్యలో రాస్తే మనసు అంకెను తనకు నచ్చినట్టు సవరిస్తుంది. పెట్టిన డబ్బు మీద మమకారం అలాంటిది.

ఒక ఉదాహరణ పూర్తిగా లెక్క కడదాం. కరెన్సీ ఏదైనా అనుకోండి. 40 ప్యాకెట్ల పెట్టె మీకు 800కు వస్తుంది. ఒక్కోటి 25కు అమ్మితే 1,000 వస్తుంది, మిగులు 200. పెట్టె ఖాళీ కావడానికి 9 రోజులు పడుతుంది. రోజు కూలీ మీద బతికేవాళ్లు 25 పెట్టలేక వెనక్కి వెళ్తున్నారని మీ పుస్తకంలో ఉంది. అందుకని ఒక్కో ప్యాకెట్‌ను నాలుగు చిన్న పొట్లాలు చేసి 7కు అమ్మాలనుకున్నారు.

160 పొట్లాలవుతాయి. విడదీసేటప్పుడు నాలుగు పొట్లాల సరుకు ఒలికిపోయిందనుకుందాం, 156 మిగిలాయి. వాటి మీద 1,092 వస్తుంది. పొట్లాల కవర్లకు 40 పోతే 1,052. అంటే పెట్టె మీద మిగులు 252. పాత పద్ధతి కంటే 52 మాత్రమే ఎక్కువ. దానికి మూడు గంటలు కూర్చుని పొట్లాలు కట్టాలి. ఇక్కడిదాకా చూసి చాలామంది "గిట్టదు" అని లేచిపోతారు.

కానీ పొట్లాలు మూడు రోజుల్లో అయిపోతే? తొమ్మిది రోజుల్లో అదే 800 మూడుసార్లు తిరుగుతుంది. మిగులు 756 అవుతుంది, పాత 200కు బదులు. తొమ్మిది గంటల పొట్లాల పనికి 556 అదనంగా వచ్చినట్టు. చిన్న వ్యాపారానికి ప్రాణం ఈ తిరుగుడులోనే ఉంది. ఒక్కో వస్తువు మీద ఎంత మిగులుతుందన్నది ఎంత ముఖ్యమో, ఆ డబ్బు ఎన్ని రోజుల్లో తిరిగి చేతికొస్తుందన్నదీ అంతే ముఖ్యం. దక్షిణాసియాలో షాంపూ సాచెట్లు ఇంటింటికీ చేరడం వెనక ఉన్నది ఈ లెక్కే.

ఇందులో ఒక మోసం దాగి ఉంది. పాతవాళ్లే 25 ప్యాకెట్ మాని పొట్లాలకు మారితే మీ తిరుగుడు పెరగదు, పొట్లాల కష్టం మాత్రం మిగులుతుంది. కాబట్టి "ఏ అంకె వస్తే కొనసాగిస్తాను?" అన్న ప్రశ్నకు "పొట్లాలు ఎన్ని అమ్మాను" అని రాయకండి. "పెట్టె ఎన్ని రోజుల్లో ఖాళీ అయింది" అని రాయండి. నిలిపేయాల్సిన అంకె కూడా రాయండి. ఉదాహరణకు ఆరు రోజుల్లో ఖాళీ కాకపోతే ఆపేస్తాను అని.

ఒక్క పెట్టెతోనే ప్రయత్నించండి. ఒకేసారి పొట్లాలూ మొదలుపెట్టి, దుకాణం వేళలూ మార్చి, ధరలూ తగ్గిస్తే ఏది పనిచేసిందో దేవుడికే తెలియాలి.

ఐదో అడుగు: పనివాళ్ల కూలీ వైపు నుంచి చూడండి

దుకాణంలో మీరొక్కరే ఉంటే ఈ భాగం వదిలేయొచ్చు. సహాయకులుంటే తప్పక చదవండి.

పాకిస్తాన్‌లోని సియాల్‌కోట్ ఫుట్‌బాల్ తయారీకి పేరు పొందిన ఊరు. బంతికి కావలసిన ముక్కలు కోసేటప్పుడు వృథా అయ్యే కృత్రిమ తోలును తగ్గించే కొత్త అచ్చును పరిశోధకులు అక్కడ కొన్ని తయారీ సంస్థలకు ఉచితంగా ఇచ్చారు. ఖర్చు లేదు, లాభం ఖాయం. అయినా 15 నెలల తర్వాత చూస్తే వాడుతున్నవాళ్లు కొద్దిమందే. కారణం కూలీ లెక్కలో ఉంది. ముక్కలు కోసేవాళ్లకు ముక్కకు ఇంత అని కూలీ. కొత్త అచ్చుతో మొదట్లో చేయి నెమ్మదిస్తుంది, ఆ రోజు కూలీ తగ్గుతుంది. మిగిలే తోలు వల్ల వచ్చే లాభం యజమానికి, నష్టం పనివాడికి. అందుకని వాళ్లు ఇది బాగోలేదని యజమానులకు చెప్పారు. తర్వాత కొన్ని సంస్థల్లో, కొత్త అచ్చుతో పని చేసి చూపిన పనివాడికి సుమారు ఒక నెల సంపాదనంత డబ్బు ఇస్తామన్నారు. అక్కడ వాడకం పెరిగింది.

మీరు తెచ్చే మార్పు వల్ల సహాయకుడికి పని పెరుగుతుందా, కూలీ తగ్గుతుందా అని ముందే ఆలోచించండి. నేర్చుకునే రోజుల్లో పాత కూలీకి తగ్గకుండా ఇవ్వండి. లాభం కనిపిస్తే అందులో భాగం ఎంతో మొదటి రోజే చెప్పండి. "ఇది పనిచేయదు" అని సహాయకుడు అంటే కోప్పడకండి. పనిచేయకపోవడం నిజమే కావచ్చు, లేదా అది తన కడుపు కొట్టే పనిగా అతనికి కనిపిస్తుండవచ్చు. రెండూ మీరు తెలుసుకోవాల్సినవే.

ఆరో అడుగు: అప్పు రెండోసారికి, మొదటిసారికి కాదు

శ్రీలంకలో చిన్న వ్యాపారులకు కొద్దిపాటి పెట్టుబడి ఉచితంగా ఇచ్చి చూస్తే, దాని మీద రాబడి సగటున నెలకు 5 శాతం దాకా వచ్చింది. చిన్న చేతుల్లో చిన్న మొత్తం అంత బలంగా పనిచేయగలదు. కానీ అది సగటు, అందరికీ వచ్చింది కాదు. మీ ప్రయత్నం ఏ వైపు పడుతుందో తేలక ముందే వడ్డీ మొదలైతే, తేల్చుకునే తేదీని మీ బదులు అప్పు ఇచ్చినవాడు నిర్ణయిస్తాడు.

మొదటి పెట్టె సొంత డబ్బుతో. అంకెలు వచ్చాక, నెల వడ్డీని నెల మిగులుతో పోల్చి, మిగులు స్పష్టంగా ఎక్కువుంటేనే అప్పుకు వెళ్లండి. వడ్డీని ఏడాదికి చెప్పారా, నెలకా, రోజుకా అని అడిగి రాసుకోండి. రోజు వడ్డీ వినడానికి చిన్నదిగా ఉంటుంది.

ఏడో అడుగు: ప్రయత్నం ఫలించాక

పక్కవాళ్లు చూస్తారు, చేస్తారు. ఆపలేరు, బాధపడకండి. సరుకును కాపీ కొట్టడం తేలిక. మీ టోకు వ్యాపారితో కుదిరిన నమ్మకం, చెప్పిన వేళకు దుకాణం తెరిచి ఉంటుందన్న పేరు, ఎవరికి ఎప్పుడు ఏం కావాలో తెలిపే మీ నోటుపుస్తకం, వీటిని కాపీ కొట్టడానికి ఏళ్లు పడుతుంది. ఈలోగా పుస్తకంలో మధ్య గడి మళ్లీ తిరగేసి, రెండో చిల్లు ఏదో చూడండి.

ప్రయత్నం ఫలించకపోతే మీరు రాసుకున్న తేదీన ఆపేయండి. ఎందుకు కుదరలేదో రెండు వాక్యాలు రాసి, ఆ పేజీ చింపకుండా ఉంచండి. రేపు ఎవరైనా అదే ఆలోచనను మీకు అమ్మజూపితే పనికొస్తుంది.

చివరగా, ఈ వారమే చేయాల్సిన ఒక పని

ఇండోనేషియాలో చిన్న చిల్లర వర్తకులకు, తమ లాంటి వాళ్లలోనే బాగా నడుపుతున్నవాళ్ల పద్ధతులన్నీ గుదిగుచ్చి ఒక చేతిపుస్తకం ఇచ్చారు. పుస్తకం మాత్రమే అందుకున్నవాళ్ల వ్యాపారం మారలేదు. దాంతో పాటు విజయం సాధించిన తోటి వర్తకుల కథను తెర మీద చూపడమో, ఒక మనిషి రెండుసార్లు, సారికి అరగంట చొప్పున వచ్చి దగ్గర కూర్చోవడమో తోడైనప్పుడే మార్పు కనిపించింది. అలాంటి చోట లాభం 35 శాతం దాకా పెరిగింది.

ఈ వ్యాసానికీ అదే పరిమితి ఉంది. కాబట్టి మీకు మొహమాటం లేని ఒక మనిషిని ఎంచుకోండి. తోటి వ్యాపారి అయితే మరీ మంచిది. సరిగ్గా రెండు వారాల తర్వాత ఏ రోజు, ఎన్నింటికి అన్నది చెప్పి, "ఆ రోజు వచ్చి నా నోటుపుస్తకంలో మధ్య గడి చూపించమని అడుగు" అని ఇప్పుడే ఫోన్ చేసి చెప్పండి.